మేస్త్రీ పద్దు పుస్తకంలో పిరమిడ్

(మా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగానికి, రికార్డింగు విని రాసుకున్న పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరుసలో కూర్చుంటే ప్రశ్నలు వేస్తానని భయపడకండి. వేస్తాను, కానీ మార్కులు ఇవ్వను.

మొదటి ప్రశ్న. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్న మమ్మీని ఎంతమంది చూశారు? చేతులెత్తండి. పరవాలేదు, చాలామందే ఉన్నారు. నిజాం కాలంలో ఈజిప్టు నుంచి మన దగ్గరకు వచ్చిన మమ్మీ అది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్నగారు తీసుకువెళ్లి చూపించారు. భయపడ్డానని ఒప్పుకోను గానీ, ఆ రాత్రి ఇంట్లో దీపం ఆర్పనివ్వలేదు. ఆ మమ్మీకీ గిజా పిరమిడ్లకూ మధ్య దాదాపు రెండు వేల ఏళ్ల దూరం ఉందని చాలాకాలానికి గాని నాకు తెలియలేదు. మమ్మీ, పిరమిడ్, క్లియోపాత్రా, అన్నీ ఒకే గాటన కట్టేస్తాం. రెండు వేల ఏళ్లంటే మాటలా? మనకూ శాతవాహనులకూ మధ్య ఉన్నంత దూరం.

ఎందుకు చెబుతున్నానంటే, పిరమిడ్ల గురించి మనకు అందిన పాత కథల్లో చాలా వాటికి ఇదే జబ్బు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టు వెళ్లాడు. అప్పటికే పిరమిడ్ వయసు రెండు వేల ఏళ్లు. లక్ష మంది చొప్పున మూడేసి నెలల వంతుల్లో, ఇరవై ఏళ్లు పనిచేశారని రాశాడు. ఆ లక్షను పట్టుకుని ప్రపంచం ఇప్పటికీ వేలాడుతోంది. అదే చోట ఆయన ఇంకో మాట రాశాడు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కూలీలకు ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి కోసం 1,600 టాలెంట్ల (టాలెంటు అంటే గ్రీకుల తూకం) వెండి ఖర్చయిందని పిరమిడ్ మీద చెక్కి ఉందట. దుబాసీ చదివి చెప్పాడట. ఆ దుబాసీకి ఆ లిపి నిజంగా వచ్చో రాదో దేవుడికెరుక. కానీ అడగవలసిన ప్రశ్న మాత్రం అక్కడ ఉంది. రాళ్లు ఎవరు ఎత్తారు అని కాదు. ఎత్తినవాళ్లకు అన్నం ఎవరు పెట్టారు?

నేను ఇంజనీరును కాను, పురావస్తు శాస్త్రజ్ఞుణ్ణి అంతకన్నా కాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పనుల లెక్కలు రాసినవాణ్ణి. కట్టడాన్ని చూస్తే ఇంజనీరుకు పునాది కనిపిస్తుంది, కవికి ఆకాశం కనిపిస్తుంది. నాకు మస్టర్ రోలు, అంటే కూలీల హాజరు పట్టీ, కనిపిస్తుంది. ఇవాళ పిరమిడ్‌ను ఆ కిటికీలోంచే చూపిస్తాను. కవులు క్షమించాలి.

ముందు కొలతలు. గిజాలోని మహా పిరమిడ్ ఖుఫు అనే రాజుది. క్రీ.పూ. 2560 ప్రాంతంలో కట్టారు. అడుగున ఒక్కో వైపు 230 మీటర్లు. కట్టిన రోజున ఎత్తు 146 మీటర్ల పైచిలుకు, ఇప్పుడు శిఖరం పోయి 138 దగ్గర ఉంది. రాళ్లు సుమారు 23 లక్షలు. సగటున ఒక్కొక్కటి రెండున్నర టన్నులు.

ఇరవై ఏళ్లు, ఏడాదికి 365 రోజులు, రోజుకు పది గంటలు పని అనుకుందాం. సెలవులు లేవు. ఉద్యోగ సంఘాల వాళ్లు ఇక్కడ ఉంటే ఊరుకోండి, లెక్క కోసం అంటున్నాను. మొత్తం 73 వేల గంటలు. 23 లక్షల రాళ్లను 73 వేల గంటలకు పంచితే గంటకు ముప్పై పైన. అంటే ప్రతి రెండు నిమిషాలకూ ఒక రాయి వచ్చి కూర్చోవాలి. ఈ మాట వినగానే అందరూ ముక్కున వేలేసుకుంటారు. ఇది మనుషుల పని కాదంటారు. గ్రహాంతరవాసులు దిగేది సరిగ్గా ఇక్కడే.

కాస్త ఆగండి. కళ్లంలో ధాన్యం రాశి చూసినవాళ్లు ఉన్నారు కదా ఇక్కడ? రాశిలో బస్తాలు ఎక్కడ ఉంటాయి? అడుగున. కొస ఎంత ఎత్తుగా ఉన్నా అందులో ఉండేది దోసెడు గింజలు. పిరమిడ్‌దీ అదే లెక్క. 146 మీటర్ల పిరమిడ్‌లో మొదటి ముప్పై మీటర్ల ఎత్తులోనే సగం రాయి అయిపోతుంది. సగం! మూడో వంతు ఎత్తుకు చేరేసరికి నూటికి 70 పాళ్లు పూర్తి. పైన మిగిలిన పదో వంతు ఎత్తులో ఉండేది మొత్తం రాయిలో వెయ్యో వంతు. ఇంటికి వెళ్లి పిల్లల చేత ఈ లెక్క చేయించండి, ఘనమూలాలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కాబట్టి రాయిని ఆకాశానికి ఎత్తడం కాదు, ఎక్కువ భాగం పని పది అంతస్తుల ఎత్తు లోపలే. దిగువన నాలుగు వైపుల నుంచీ ఒకేసారి ఎన్నో జట్లు పని చేయవచ్చు. రెండు నిమిషాలకు ఒక రాయి అన్న మాట ఇప్పుడు అంత భయపెట్టదు.

రాయి ఎక్కడిది? లోపలి రాయి చాలా వరకు అక్కడిదే. పిరమిడ్‌కు దక్షిణాన కొన్ని వందల మీటర్ల దూరంలో క్వారీ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. పై తొడుగుకు కావలసిన తెల్లటి మేలురకం సున్నపురాయి నైలు నదికి అవతలి ఒడ్డున తురా నుంచి. రాజు గది కోసం గ్రానైట్ అస్వాన్ నుంచి, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా. అస్వాన్ నుంచి గిజాకు ప్రవాహం వెంట దిగువకే ప్రయాణం, అదొక్కటే ఊరట. ఆ గది కప్పు మీద పదుల టన్నుల దూలాలు ఉన్నాయి. ఇనుము లేదు. సున్నపురాయికి రాగి ఉలులు, గ్రానైట్‌కు డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లు. ఆ గుండ్లతో కొట్టి కొట్టి పొడి చేస్తూ పోవడమే. ఓపిక తప్ప అందులో రహస్యం లేదు.

లాగడం సంగతి. మన ఊళ్లలో వడ్డెర మేస్త్రీలు గడపారలతో, మోకులతో బండను కదిలించడం చూసినవాళ్లకు నేను చెప్పేది కొత్త కాదు. జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. పిరమిడ్ల కంటే ఆరేడు వందల ఏళ్ల తర్వాతిది. పెద్ద విగ్రహాన్ని చక్రాలు లేని చెక్క బండి మీద ఎక్కించి 172 మంది తాళ్లతో లాగుతున్నారు. బండి ముందు ఒక మనిషి నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తున్నాడు. అది పూజ అని, ఏదో కర్మకాండ అని పండితులు చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూశారు. ఇసుకను సరైన పాళ్లలో తడిపితే లాగే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. పొడి ఇసుక బండి ముందు గుట్టగా పోగుపడుతుంది, మరీ తడిపితే బురద అవుతుంది. ఎంత పోయాలో తెలిసినవాణ్ణే ముందు నిలబెట్టారు. నా ఉద్దేశంలో ఆ జట్టు మొత్తంలో అందరికంటే ఎక్కువ కూలి తీసుకోవలసినవాడు అతనే.

ఎత్తుకు చేర్చడానికి ఏటవాలు దారులు వేశారు. ఇందులో వాదం లేదు. వాదమంతా ఆ దారి ఆకారం గురించే. పదికి ఒకటి వాలుతో శిఖరం దాకా తిన్నగా దారి వేస్తే అది కిలోమీటరున్నర పొడవు పోతుంది, దానికే ఇంకో పిరమిడ్ అంత మట్టి కావాలి. చుట్టూ తిరిగే దారి అని కొందరు, లోపలి నుంచే మెలికలు తిరిగిన దారి అని ఫ్రెంచి వాస్తుశిల్పి జాన్-పియర్ ఊడాన్. 2018లో హత్‌నుబ్ అనే పాలరాతి క్వారీలో ఒక దారి బయటపడింది. చాలా నిటారైన వాలు, రెండు వైపులా మెట్లు, మెట్ల పక్కన గుంజలు పాతిన గుంటలు. ఖుఫు కాలానిదే. గుంజలకు తాళ్లు చుట్టి కొందరు పైనుంచి, కొందరు కిందినుంచి లాగేవారన్నమాట. అది క్వారీలో దొరికింది, పిరమిడ్‌లో కాదు. అయినా ఆ పనితనం వాళ్ల చేతిలో ఉందని తేలింది కదా. పై మూడో వంతు ఎలా చేశారన్నది మాత్రం నిజంగానే తేలని విషయం. దాన్ని తేలనిదానిగానే ఉంచుదాం, తొందర ఏముంది?

ఇక్కడ మూరల ముచ్చట ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. పిరమిడ్ చుట్టుకొలతను ఎత్తుతో భాగిస్తే పై (π) విలువకు రెండింతలు వస్తుందని, అందులో మహా గణిత రహస్యం ఉందని వినే ఉంటారు. వస్తుంది, నిజమే. ఎందుకు వస్తుంది? మల్లెపూలు మూరల్లో కొంటాం కదా, వాళ్లు రాళ్లు మూరల్లో కొలిచారు. మన మూరకు ఆరు బెత్తెలు, బెత్తెకు నాలుగు వేళ్లు. వాళ్ల రాజమూరకు ఏడు బెత్తెలు, సుమారు 52 సెంటీమీటర్లు. వాలు చెప్పడానికి కోణాలు లేవు. మూర ఎత్తుకు ఎన్ని బెత్తెలు లోపలికి జరగాలి, అంతే. దాన్ని సెకెద్ అన్నారు. మహా పిరమిడ్‌కు ఐదున్నర బెత్తెలు. ఇప్పుడు భాగించండి. 44 బై 7 వస్తుంది, అంటే 22 బై 7కు రెండింతలు. మేస్త్రీ ఐదున్నర బెత్తెలు అన్నాడు, మనం పై అని వింటున్నాం.

ఆ ఐదున్నర దగ్గరకు రావడం కూడా ఒక్క రోజులో జరగలేదు. అంతకు సుమారు వంద ఏళ్ల ముందు సక్కారాలో జోసెర్ రాజుకు ఇమ్‌హోతెప్ ఆరు మెట్ల పిరమిడ్ కట్టాడు. తర్వాత ఖుఫు తండ్రి స్నెఫెరు దహ్‌షూర్‌లో ఒకటి మొదలుపెట్టాడు. కింద దాదాపు 54 డిగ్రీల వాలు, సగంలో 43కు తగ్గించేశారు. నడుము వంగినట్టుంటుంది, చూశారా బొమ్మ? లోపల పగుళ్లు వచ్చాయి, గదిలో దేవదారు దూలాలు అడ్డంపెట్టారు. ఆ పక్కనే ఇంకొకటి, ఈసారి మొదటి నుంచీ జాగ్రత్తగా 43. గ్రహాంతరవాసుల అభిమానులకు నా ప్రశ్న ఒక్కటే. నక్షత్రాల నుంచి వచ్చినవాళ్లు సగం గోడ లేచాక డిజైన్ మార్చుకుంటారా? అది మనుషులు చేసే పని. మా శాఖలో ఎన్నిసార్లు చూశాను!

మేరెర్ అనే మేస్త్రీ

2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు పియర్ తల్లే బృందానికి పాపిరస్ ముక్కలు, అంటే ఈజిప్టువాళ్ల రెల్లు కాగితం ముక్కలు, దొరికాయి. కొండలో తొలిచిన గుహల్లాంటి గోదాములు, వాటి నోటికి అడ్డంగా పెద్ద బండలు, ఆ బండల మధ్య నలిగిపోయిన కాగితాలు. రాత ఉన్న పాపిరస్‌లలో ప్రపంచంలో ఇంతవరకు దొరికినవాటిలో అవే అతి పాతవి. ఏమి రాసి ఉంటుందనుకుంటున్నారు? మంత్రాలా? రాజు ఆజ్ఞలా? ఊహించండి.

పద్దులు! జమాఖర్చులు, హాజరు! నేను ఈ వార్త చదివిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చదివి వినిపించాను. మా ఆవిడ, అయితే ఇప్పుడేం చేయమంటారు అంది.

రాసింది మేరెర్ అనే ఇన్‌స్పెక్టరు జట్టు గురించి. మన భాషలో మేస్త్రీ అందాం. ఆయన కింద నలభై మంది దాకా పడవ మనుషులు. పని, తురాలో సున్నపురాయి ఎక్కించుకుని నది మీదుగా గిజాకు చేర్చడం. ఖుఫు పాలన చివరి రోజులు, ఇరవై ఆరో ఏడు ప్రాంతం. సంవత్సరం ఎలా గుర్తించారో తెలుసా? పశువుల లెక్క ఎన్నోసారి జరిగిందన్నదాన్ని బట్టి. అది పదమూడోసారి. డైరీ ధోరణి ఇలా ఉంటుంది: ఇవాళ తురాలో జట్టుతో రాళ్లు ఎక్కించాం, రాత్రి అక్కడే బస. మర్నాడు బయలుదేరాం, రాత్రి ఖుఫు చెరువు దగ్గర బస. ఆ మర్నాడు గిజా చేరాం. మళ్లీ ఖాళీ పడవతో తురా. పది రోజుల్లో రెండు మూడు రాకపోకలు. విసుగు పుట్టేటంత మామూలు రాత. ఒక్క విశేషణం లేదు, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. ప్రపంచంలో ఏడు వింతల్లో ఒకటి కళ్లెదుట లేస్తుంటే ఈ మనిషి రాసింది ఎక్కడ పడుకున్నాం అని.

పై అధికారి పేరు కూడా ఉంది. అంఖాఫ్, ఖుఫు సవతి సోదరుడు. గిజాకు వెళ్లే రాళ్లన్నీ ఆయన కనుసన్నల్లో ఉన్న రేవు గుండానే పోవాలి. ఇక రెండో రకం కాగితాలు నాకు మరీ ఇష్టం. తిండి లెక్కలు. రావలసింది ఎంత, వచ్చింది ఎంత, ఇంకా బాకీ ఎంత అని గడులు గీసి రాశారు. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి గడులు! నేను ఉద్యోగంలో చేరిన రోజున నాకిచ్చిన స్టాకు రిజిస్టరులోనూ అవే మూడు గడులు.

పడవ గిజా దాకా ఎలా వచ్చిందని అడగవచ్చు, నది ఇప్పుడు చాలా దూరంలో ఉంది కదా. అప్పుడు ఒక పాయ దగ్గరగా పారేది. మట్టి పొరల్లో దాగిన పుప్పొడిని పరీక్షించి 2022లో, ఉపగ్రహ చిత్రాలతో 2024లో ఆ పాత నీటిదారుల జాడ బాగా తేల్చారు. 64 కిలోమీటర్ల పొడవున పోయిన ఒక పాయ వెంట 31 పిరమిడ్లు వరుసగా ఉన్నాయట. పటంలో చూస్తే పిరమిడ్లు ఎడారిలో ఎందుకున్నాయి అనే ప్రశ్నే ఉండదు. అవి రేవుల పక్కన ఉన్నాయి.

మరి మిగతా కూలీలు? కొరడా దెబ్బలు తింటూ బానిసలు కట్టారన్న కథ వినే ఉంటారు. 1990లో గిజాలో ఒక గుర్రం కాలు మట్టిగోడకు తగిలి తడబడింది. ఆ గోడ సమాధి గోడ. ఈజిప్టు పురావస్తు శాస్త్రజ్ఞుడు జాహీ హవాస్ అక్కడ తవ్విస్తే పిరమిడ్ పనివాళ్ల శ్మశానం బయటపడింది. నడుములు అరిగిపోయిన ఎముకలు, విరిగి సరిగ్గా అతుక్కున్న చేతులు. అంటే కట్టు కట్టినవాళ్లున్నారు. చెయ్యి తీసేశాక బతికినవాళ్లూ ఉన్నారు. రాజు పిరమిడ్ నీడలో బానిసను పాతిపెట్టి, పక్కన రొట్టె, బీరు కుండలు పెడతారా? ఆ దిగువనే అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్క్ లేనర్ బృందం పనివాళ్ల ఊరు తవ్వింది. రొట్టెల భట్టీలు, గంట ఆకారపు మట్టి మూసలు, గుట్టలుగా పశువుల ఎముకలు. ఎక్కువగా లేత మగ దూడలవి. రొట్టె, బీరుతో పాటు మాంసం తిన్నారన్నమాట. లక్ష మంది కాదు, ఒక సమయంలో పదివేలు, ఇరవై వేలు అని ఇప్పటివాళ్ల అంచనా. జట్లకు పేర్లు కూడా పెట్టుకున్నారు, రాళ్ల మీద రంగుతో రాసుకున్నారు. ఖుఫు స్నేహితులు ఒక జట్టు. మెన్కౌరే రాజు దగ్గర ఇంకో జట్టు పేరు తాగుబోతులు. నవ్వకండి, అధికారికంగా రాసుకున్న పేరు అది.

వాళ్లంతా ఇష్టపడి సంతోషంగా వచ్చారని కూడా నేను అనను. ఆ ఉత్సాహం ఈమధ్య కొందరిలో ఎక్కువైంది. ఊరి వంతుగా మనుషులను పంపాలంటే పంపాలి, కాదనే వీలు ఎవరికుంది? కొరడా కథ తప్పయితే జాతర కథ ఒప్పవుతుందా? వెట్టి అన్న మాట మనకు తెలుసు. తిండి పెట్టిన వెట్టి అనుకుంటే సత్యానికి దగ్గరగా ఉంటామేమో.

ఎందుకు కట్టారు

టైమ్ చూసుకుంటున్నారు కొందరు, త్వరగానే ముగిస్తాను. సమాధి అన్నది పొట్టి జవాబు. అంతకంటే కొంచెం పొడుగు జవాబు మేరెర్ కాగితంలోనే ఉంది. ఇందాక నేను గిజా అన్నాను గానీ, ఆయన గిజా అనడు, పిరమిడ్ అనడు. అఖెత్ ఖుఫు అంటాడు. ఖుఫు దిగంతం అని అర్థం. సూర్యుడు ఉదయించే, అస్తమించే అంచు. రాజు చనిపోవడం అంటే అస్తమించడం, అస్తమించినవాడు మళ్లీ ఉదయించాలి. పిరమిడ్లు దాదాపు అన్నీ పడమటి ఒడ్డున ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఖుఫు తర్వాత వచ్చిన కొడుకుల పేర్లు చూడండి, జెదెఫ్రె, ఖఫ్రె. రె అంటే సూర్యదేవుడు. రెండు వందల ఏళ్ల తర్వాత ఉనస్ రాజు పిరమిడ్ లోపలి గోడల మీద మంత్రాలు చెక్కారు. రాజు ఆకాశానికి ఎక్కడానికి మెట్లు వేసి ఉన్నాయని వాటిలో ఉంటుంది. అంటే సక్కారా మెట్లకు అర్థం తెలిసినట్టే కదా.

కానీ ఖుఫు గదిలో గోడలు మూగవి. ఒక్క అక్షరం లేదు. గ్రానైట్ పెట్టె ఉంది, మూత లేదు, లోపల ఎవరూ లేరు. పైన ఎవరూ చూడని ఇరుకు అరల్లో మాత్రం పనివాళ్లు ఎర్రరంగుతో రాసిన జట్ల పేర్లున్నాయి, వాటిలో రాజు పేరుంది. ఇంకో తమాషా. ఇంత పిరమిడ్ కట్టించుకున్న మనిషి పూర్తి విగ్రహం మనకు దొరికింది ఒక్కటే. ఏడున్నర సెంటీమీటర్ల దంతపు బొమ్మ. నా చూపుడువేలంత.

2017లో మ్యూయాన్ కణాలతో, ఎక్స్‌రే తీసినట్టు, పిరమిడ్ లోపల చూశారు. పెద్ద నడవాకు పైన కనీసం ముప్పై మీటర్ల పొడవున ఖాళీ కనిపించింది. 2023లో ఉత్తరం వైపు తొమ్మిది మీటర్ల సొరంగం లాంటి దారి తేలింది, సన్నటి కెమెరా దూర్చి చూస్తే ఖాళీగా ఉంది. పైనున్న ఆ పెద్ద ఖాళీ ఏమిటి? బరువు తప్పించడానికి వదిలిందా, పని దారా, గదా? నన్నడిగితే పని దారే అంటాను, కానీ గుమస్తా జోస్యానికి ఎవరు విలువ ఇస్తారు?

మేరెర్ మోసిన రాళ్ల సంగతి చెప్పి దిగిపోతాను. అవి పై తొడుగు రాళ్లు, ఎండలో తెల్లగా మెరిసేవి. 1303లో భూకంపం వచ్చింది, చాలా ఊడిపడ్డాయి. కైరోలో మసీదులకు, గోడలకు తీసుకుపోయారు. ఇవాళ పిరమిడ్ మీద ఆ తొడుగు అడుగున కొన్ని రాళ్లు మాత్రమే మిగిలింది. రాయి పోయింది, రాయి తెచ్చిన రోజు హాజరు పట్టీ ఉంది. అదీ ఎవరో భద్రంగా దాచినందువల్ల కాదు. గోదాములు మూసేసి వెళ్లిపోయేటప్పుడు అక్కర్లేదని బండల సందున పడేసిన చెత్తలో దొరికింది. ఎందుకు పడేశారంటారా? ఆడిట్ అయిపోయి ఉంటుంది.

సరే, ఇక మీ ప్రశ్నలు. ముందు ఆ కిటికీ పక్కన పాప ఎప్పటి నుంచో చెయ్యెత్తి కూర్చుంది. అడుగు తల్లీ.